స్పీడు పెంచినా లేబుళ్లు ఎందుకు తెమలడం లేదు?

ప్రశ్న: మేము తెనాలిలో ఇంటి దగ్గరే పచ్చళ్లు, పొడులు తయారుచేసి సీసాల్లో నింపి అమ్ముతున్నాము. రోజుకు సుమారు 400 సీసాలకు 50 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే లేబుళ్లు, పార్సిళ్ల కోసం 60 దాకా 100×150 సైజు కొరియర్ లేబుళ్లు ఒకే ప్రింటర్ మీద తీస్తాము. అది సిరా పూసిన రిబ్బన్‌తో పనిచేసే 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింటర్. సెకనుకు 5 అంగుళాల వేగం అని పెట్టె మీద ఉంది. సీసాల లేబుళ్లకే 25 నిమిషాలు పడుతోంది. మా అబ్బాయి స్పీడు 2 నుంచి 5కు పెంచితే 23 నిమిషాలకు తగ్గింది గానీ బార్‌కోడ్ స్కాన్ కావడం మానేసింది. ముద్ర నలుపును పెంచే డార్క్‌నెస్ సెట్టింగును 8 నుంచి 15కు పెంచితే రిబ్బన్ ముడతలు పడి తెగిపోయింది. ప్రింటర్ ప్రతి లేబుల్‌కూ కాస్త ముందుకు వచ్చి, వెనక్కి వెళ్లి, ఆగి, మళ్లీ కొడుతోంది. ఏ సెట్టింగు ఎంత పెట్టాలి? కొత్త ప్రింటర్ కొనడమే మేలా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు ఉత్తరం చివర యథాలాపంగా రాసిన వాక్యం ఒకటి ఉంది. ప్రింటర్ ప్రతి లేబుల్‌కూ ముందుకు వచ్చి, వెనక్కి వెళ్లి, ఆగి, మళ్లీ కొడుతోందన్నారు. అసలు సమస్య అక్కడే ఉంది. మీ అబ్బాయి సరిచేయబోయిన స్పీడు, డార్క్‌నెస్‌లకు మీ 25 నిమిషాల్లో ఉన్న వాటా చాలా తక్కువ. నా మాట మీద వదిలేయకుండా దీన్ని లెక్కలోనే చూడండి.

మీ చిన్న లేబుల్ ఎత్తు 25 మిల్లీమీటర్లు, రెండు లేబుళ్ల మధ్య ఖాళీ సాధారణంగా 3 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో లేబుల్‌కు కాగితం 28 మిల్లీమీటర్లు కదలాలి. 400 లేబుళ్లకు మొత్తం 11 మీటర్ల పైచిలుకు అవుతుంది. సెకనుకు 2 అంగుళాలంటే దాదాపు 51 మిల్లీమీటర్లు కాబట్టి, ఎక్కడా ఆగకుండా నడిస్తే ఆ తక్కువ వేగంలో కూడా పని 3 నిమిషాల 40 సెకన్లలో అయిపోవాలి. 5 అంగుళాల వేగంలో అయితే నిమిషంన్నర చాలు. మీకు పడుతున్నది 25 నిమిషాలు. వేగాన్ని 2 నుంచి 5కు పెంచినందువల్ల మిగలగలిగేది రెండు నిమిషాల పైన కొద్ది సెకన్లు మాత్రమే, మీ అబ్బాయికి మిగిలిందీ సరిగ్గా అంతే. మిగతా 21 నిమిషాలూ ప్రింటర్ ఊరికే నిలబడి ఉంటోంది, లేదా కాగితాన్ని వెనక్కి లాక్కుంటోంది. ప్రతి ఊళ్లోనూ ఆగే పల్లెవెలుగు బస్సుకు ఎంత బలమైన ఇంజిను పెట్టినా గుంటూరు చేరే సమయం పెద్దగా మారదు కదా. అందుకే ముందు ఈ ఆగడాన్ని మాన్పించి, ఆ తరువాత వేగం సంగతి చూసుకోవాలి.

కంప్యూటర్‌లో ఏమీ మార్చకముందే ఒక చిన్న పరీక్ష చేయండి. మీరు వాడే లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో ఆవకాయ లేబుల్ ఒకటి తెరిచి, కాపీల సంఖ్య 50 అని ఇచ్చి ఒకేసారి ప్రింట్ కొట్టండి. 50 లేబుళ్లూ నీళ్ల ధారలా ఆగకుండా వచ్చాయంటే ప్రింటర్‌లో ఏ లోపమూ లేదని అర్థం, లోపం మీ రోజువారీ పనిలో లేబుళ్లను పంపే పద్ధతిలో ఉంది. అప్పుడు కూడా ఒక్కొక్కటిగా ఆగి ఆగి వస్తే ప్రింట్ అయిన తరువాత ఏం చేయాలో చెప్పే సెట్టింగు తప్పుగా ఉంది. రెండు కారణాలూ కలిసి ఉండడం కూడా తరచుగా చూస్తాము.

మొదటి కారణాన్ని తీసుకుందాం. ఎక్సెల్ జాబితా నుంచి గానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి గానీ లేబుళ్లు తీసేటప్పుడు చాలా చోట్ల ఒక్కో లేబుల్ ఒక్కో విడి ప్రింట్ పనిగా వెళ్తుంది. జాబితాలో ఆవకాయ అర కిలో అని 60 వరుసలు ఉంటే విండోస్ 60 సార్లు పేజీ తయారుచేస్తుంది, 60 సార్లు ప్రింటర్‌కు పంపుతుంది. ప్రింటర్ దృష్టిలో ప్రతిదీ ఆఖరి లేబులే కాబట్టి, చింపుకోవడానికి వీలుగా దాన్ని రంపం పళ్లలాంటి అంచు దాకా తోసి ఆగుతుంది. తరువాతి పని రాగానే, మొదలుపెట్టాల్సిన చోటు అచ్చు వేసే హెడ్‌ను దాటి ముందుకు పోయిందని గుర్తించి కాగితాన్ని వెనక్కి లాగి మళ్లీ మొదలుపెడుతుంది. మీరు చూస్తున్న ముందుకూ వెనక్కూ కదలిక ఇదే. దీనికి మందు, ఒకే రకం లేబుళ్లను ఒకే పనిగా పంపి ఎన్ని కావాలో సంఖ్య చెప్పడం. అప్పుడు ప్రింటర్ ఒక్కసారే లేబుల్ రూపాన్ని తన మెమొరీలోకి తీసుకుని, అడిగినన్ని తనంతట తానే కొట్టుకుంటూ పోతుంది. మీ ఎక్సెల్ జాబితాలో 60 వరుసల బదులు ఒకే వరుస ఉంచి, పక్కన సంఖ్య అనే నిలువు వరుస చేర్చి, లేబుల్ సాఫ్ట్‌వేర్‌లో కాపీల సంఖ్యను ఆ నిలువు వరుస నుంచి తీసుకోమని చెప్పండి. పేరున్న లేబుల్ సాఫ్ట్‌వేర్లలో ఈ సౌకర్యం ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా తీస్తుంటే, కాపీల సంఖ్యను ప్రింటర్ ఆజ్ఞలోనే పంపమని దాన్ని తయారుచేసిన వారిని అడగండి. జెడ్‌పీఎల్ భాష వాడే ప్రింటర్లకు పీక్యూ అనే ఆజ్ఞ, టీఎస్‌పీఎల్ భాష వాడే వాటికి ప్రింట్ అనే ఆజ్ఞ ఈ పనే చేస్తాయి. ఆ పని తెలిసిన వారికి ఇది పది నిమిషాల మార్పు.

ప్రతి సీసాకూ వేరే క్రమసంఖ్య వేయాల్సి వచ్చినా ఈ పద్ధతి చెడిపోదు. అంకెను ఒకటొకటిగా పెంచుకుంటూ పోవడం ఈ ప్రింటర్లకు సొంతంగా తెలుసు, ఆ పని కూడా కంప్యూటర్ చేయనక్కరలేదు. అయితే పచ్చళ్ల సీసాలకు సాధారణంగా బ్యాచ్ నంబరు చాలు, అది ఆ పూట తయారైన సీసాలన్నిటికీ ఒకటే. అవసరం లేని క్రమసంఖ్య ఏదైనా పెట్టుకుని ఉంటే తీసేయండి.

ఇక రెండో కారణం. ప్రింటర్ డ్రైవర్‌లో (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాములో) ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిస్తే, స్టాక్ అనో మీడియా అనో పేరున్న పేజీలో ప్రింట్ అయిన తరువాత చేయాల్సిన పని అనే అర్థం వచ్చే సెట్టింగు ఉంటుంది. చింపుకోవడానికి టేర్ ఆఫ్, వెనుక కాగితం నుంచి ఊడదీసి ఇవ్వడానికి పీల్ ఆఫ్, కట్టర్ ఉన్న వాటిలో కట్ అనే ఎంపికలు అక్కడ కనిపిస్తాయి. టేర్ ఆఫ్ పెట్టి, అది ప్రతి పేజీకీ జరగాలా, పని మొత్తం పూర్తయ్యాక ఒక్కసారే జరగాలా అని అడిగితే రెండోదాన్ని ఎంచుకోండి. పొరపాటున పీల్ ఆఫ్ ఉండిపోతే ఒక లేబుల్‌ను చేత్తో తీసుకునేదాకా తరువాతి లేబుల్ రాదు. ఆ పద్ధతి చెడ్డదేమీ కాదు, ఒక మనిషి ప్రింటర్ పక్కనే కూర్చుని సీసాలకు అతికిస్తుంటే ఎంతో సుఖం. కానీ దానికి ప్రింటర్‌లో విడిగా అమరిక, సెన్సర్ ఉండాలి. అవి లేని ప్రింటర్‌కు ఆ సెట్టింగు పెట్టకండి.

ఇక్కడొక చిక్కు ఉంది, చాలామంది గంటల తరబడి తల బద్దలు కొట్టుకునేది దీనితోనే. డ్రైవర్‌లో సెట్టింగు మార్చినా ప్రింటర్ పాత తీరులోనే నడుస్తుంటే దానికి కారణం సాఫ్ట్‌వేర్. లేబుల్ డిజైన్ ఫైల్ సేవ్ అయినప్పుడు అప్పటి స్పీడు, డార్క్‌నెస్, టేర్ ఆఫ్ సెట్టింగులన్నీ ఆ ఫైల్‌లోనే ఉండిపోతాయి, అందులోంచి ప్రింట్ తీసిన ప్రతిసారీ అవే అమలవుతాయి. అందువల్ల మార్పులను డిజైన్ ఫైల్ తెరిచి, అందులోనుంచే ప్రింటర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి చేసి, ఫైల్‌ను మళ్లీ సేవ్ చేయండి. మిగతా ప్రోగ్రాముల కోసం విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో ప్రింటింగ్ డిఫాల్ట్స్ అని ఉంటుంది. అక్కడ మార్చినది ఆ కంప్యూటర్ వాడే వారందరికీ వర్తిస్తుంది.

పంపే పద్ధతి సరైన తరువాత చూడవలసింది, మీరు పంపుతున్నది బొమ్మా, ఆజ్ఞలా అన్న సంగతి. సీసా లేబుల్‌ను ఏదో డిజైన్ ప్రోగ్రాములో రంగుల లోగోతో గీసి, ఒక చిత్రంగా ప్రింట్ ఇస్తే, కంప్యూటర్ దాన్నంతా నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, బార్‌కోడ్‌తో సహా చుక్కల దుప్పటిలా పంపుతుంది. బార్‌కోడ్, అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు గీయడం ప్రింటర్‌కు తనంతట తానే వచ్చు. వాటిని సాఫ్ట్‌వేర్‌లోని బార్‌కోడ్ ఉపకరణంతో, ప్రింటర్ ఫాంట్లతో పెడితే పంపాల్సిన సమాచారం కొద్ది అక్షరాలకు తగ్గుతుంది. పైగా బార్‌కోడ్ గీతలు కచ్చితంగా పూర్ణసంఖ్య చుక్కల్లో పడతాయి. చిత్రంగా పెట్టిన బార్‌కోడ్‌ను మౌస్‌తో లాగి సైజు మార్చినప్పుడు ఒక గీత 2 చుక్కలూ, దాని జత గీత 3 చుక్కలూ అయిపోయి, కంటికి బాగానే కనిపిస్తూ స్కానర్‌కు అర్థం కాకుండా పోతుంది. మీ బార్‌కోడ్ ఇబ్బందిలో దీని పాత్ర కూడా ఉండి ఉండవచ్చు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం మనకు ఈ సౌకర్యం లేదు. సామాన్యంగా మన దగ్గర అమ్మే లేబుల్ ప్రింటర్ల సొంత ఫాంట్లలో తెలుగు ఉండదు కాబట్టి గోంగూర, ఉసిరి అని తెలుగులో వేస్తే అది బొమ్మగానే వెళ్తుంది. రెండు దారులున్నాయి. బ్రాండు పేరు, లోగో, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు వంటి మారని వివరాలను ప్రెస్సులో రంగుల్లో ముందే ముద్రించిన రోళ్లు చేయించుకుని, మీ ప్రింటర్‌తో పచ్చడి పేరు, బ్యాచ్, తయారీ తేదీ, ధర, బార్‌కోడ్ మాత్రమే వేసుకోవడం ఒకటి. లోగోనూ తెలుగు పేర్లనూ ఒకసారి ప్రింటర్ మెమొరీలోకి ఎక్కించి, తరువాత పేరు పెట్టి పిలిపించడం రెండోది. మీ స్థాయి వ్యాపారానికి మొదటిదే మేలని నా అభిప్రాయం. లేబుల్ అందంగా ఉంటుంది, రిబ్బన్ ఆదా అవుతుంది, వేడి హెడ్ మీద భారం తగ్గుతుంది. ప్రింటర్ మీదే తెలుగు వేయాల్సి వస్తే అక్షరాలను మరీ చిన్నవి చేయకండి. 203 డీపీఐలో ఒక చుక్క మిల్లీమీటరులో ఎనిమిదో వంతు ఉంటుంది. క్ష, స్త్ర వంటి చోట్ల ఒత్తుల లోపలి ఖాళీ అంతకంటే సన్నగా ఉంటే, డార్క్‌నెస్ ఏ మాత్రం ఎక్కువైనా పూడిపోయి నల్లటి ముద్ద మిగులుతుంది.

మీకు తక్షణం సగానికి సగం పని తగ్గించే ఉపాయం ఇంకొకటి ఉంది, దానికి సెట్టింగుల కంటే రోల్ మార్చడం ముఖ్యం. మీ ప్రింటర్ 100 మిల్లీమీటర్ల కొరియర్ లేబుల్ కొట్టగలుగుతోంది కాబట్టి దానిది 4 అంగుళాల హెడ్. 50 మిల్లీమీటర్ల లేబుళ్లు ఒకే వరుసలో ఉన్న రోల్ వాడుతుంటే ఆ హెడ్‌లో సగం ఖాళీగా ఉంటోంది. 50×25 లేబుళ్లు పక్కపక్కన రెండేసి ఉండే రోళ్లు బజారులో సులువుగా దొరుకుతాయి, టూ అప్ రోల్ అని అడిగితే ఇస్తారు. కాగితం ఒక్కసారి కదిలితే రెండు లేబుళ్లు వస్తాయి. ఈ రోల్ వేసినప్పుడు డ్రైవర్‌లో పేజీ వెడల్పుగా ఒక లేబుల్ వెడల్పు ఇవ్వకూడదు. రెండు లేబుళ్లు, మధ్య ఖాళీ, అంచులు కలిపి స్కేలుతో కొలిచిన మొత్తం వెడల్పు ఇచ్చి, సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన రెండు నిలువు వరుసలు అని చెప్పాలి. రిబ్బన్ కూడా ఆ వెడల్పుకు సరిపోవాలి. బేసి సంఖ్యలో తీస్తే చివర ఒక లేబుల్ వృథా అవుతుంది, అది పెద్ద నష్టం కాదు.

ఇప్పుడు స్పీడు, డార్క్‌నెస్‌ల దగ్గరకు వద్దాం. ఈ రెండింటినీ విడివిడిగా చూడడం వల్లే మీకు రిబ్బన్ తెగింది. ప్రింటర్ హెడ్‌లో అంగుళానికి 203 చొప్పున చిన్న చిన్న వేడి బిందువులు వరుసగా ఉంటాయి. కాగితం కిందినుంచి జరుగుతుంటే అవి చుక్కల వరుసను ఒకదాని తరువాత ఒకటిగా వేడితో అచ్చొత్తుతాయి. సెకనుకు 2 అంగుళాల వేగంలో ఒక్కో వరుసకు సుమారు రెండున్నర మిల్లీసెకన్లు దొరుకుతాయి, 5 అంగుళాల వేగంలో ఒక్క మిల్లీసెకను మాత్రమే దొరుకుతుంది. అంత తక్కువ సమయంలో బిందువు వేడెక్కి, రిబ్బన్ సిరాను కరిగించి, మళ్లీ చల్లారాలి. వేడి చాలకపోతే గీతలు వెలవెలబోతాయి. వేడి చాలడానికి డార్క్‌నెస్ పెంచితే బిందువు చల్లారేలోపే కాగితం ముందుకు జరిగిపోయి గీత అంచు సాగుతుంది. మీ ప్రింటర్‌లో ఉన్న 0 నుంచి 15 కొలతలో 15 అంటే గరిష్ఠ వేడి. మైనం రిబ్బన్ అంత వేడికి మెత్తబడి ముడతలు పడటంలోనూ తెగటంలోనూ ఆశ్చర్యం లేదు. ఎక్కువ కాలం అలాగే నడిపితే హెడ్ ఆయువు కూడా తగ్గుతుంది. కొన్ని కంపెనీల ప్రింటర్లలో ఈ కొలత 0 నుంచి 30 వరకు ఉంటుంది కాబట్టి ఎవరో చెప్పిన అంకెను గుడ్డిగా పెట్టుకోవద్దు.

నేను సూచించే పద్ధతి ఇది. డార్క్‌నెస్‌ను మళ్లీ 8కి తెచ్చి, స్పీడు 3 పెట్టి ఓ పది లేబుళ్లు తీసి స్కాన్ చేయండి. బాగుంటే స్పీడు 4కు పెంచండి. గీతలు పలచబడితే డార్క్‌నెస్‌ను ఒక్కొక్క అంకె చొప్పున పెంచుతూ, లేబుళ్లన్నీ మొదటిసారికే స్కాన్ అయ్యే అతి తక్కువ అంకె దగ్గర ఆగండి. 10 దాటాల్సి వస్తోందంటే తేడా రిబ్బన్‌లోనో, కాగితంలోనో, హెడ్ మీద పేరుకున్న మురికిలోనో ఉంది, ఇంకా పెంచడం దానికి పరిష్కారం కాదు. స్పీడు 4 దగ్గరే ఉండిపొమ్మంటాను. 4 నుంచి 5కు వెళ్తే మీ 400 లేబుళ్ల మీద మిగిలేది 22 సెకన్లు. ఆ 22 సెకన్ల కోసం స్కాన్ కాని బార్‌కోడ్ ఒక్కటి బయటికి పోయినా, దుకాణంవాడు సీసాను వెనక్కి పంపిస్తే పోయేది అంతకంటే చాలా ఎక్కువ. నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ వంటి వివరాలు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు కోరుతున్నాయి, అక్షరాల కనీస ఎత్తును కూడా అవి నిర్ణయించాయి. అందువల్ల స్కానర్‌తో పాటు మీ కళ్లతో కూడా ఒకసారి చదివి చూడండి.

వేగాన్ని తట్టుకునే శక్తి బార్‌కోడ్‌కు డిజైన్‌లోనే ఇవ్వవచ్చు. బార్‌కోడ్ గీతలు కాగితం కదిలే దిశలోనే సాగేలా ఉంటే ఎక్కువ వేగంలో కూడా అంచులు శుభ్రంగా వస్తాయి. బార్‌కోడ్‌ను 90 డిగ్రీలు తిప్పి, గీతలు కదలికకు అడ్డంగా పడేలా పెడితే, ఒక్కో నల్ల గీత కోసం బోలెడు బిందువులు ఒకేసారి వేడెక్కి, చల్లారే సమయం లేక గీతలు లావెక్కుతాయి. చోటు చాలక అలా తిప్పి ఉంటే ముందు అది సరిచేయండి. సన్న గీత వెడల్పు 2 చుక్కలు ఉంటే 3 చేయండి. 890తో మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ 3 చుక్కల వెడల్పుతో, రెండు పక్కలా వదలాల్సిన తెల్ల ఖాళీతో కలిపి 42 మిల్లీమీటర్ల పైన కొద్దిగా అవుతుంది. మీ 50 మిల్లీమీటర్ల లేబుల్‌లో ఇది హాయిగా పడుతుంది. నల్లటి పట్టీ మీద తెల్ల అక్షరాలు, మందపాటి చుట్టు గీతలు వంటి అలంకారాలను తీసేస్తే వేడి భారం తగ్గి ఎక్కువ లేబుళ్లు ఒకే తీరుగా వస్తాయి.

రిబ్బన్ గురించి కొంచెం చెప్పాలి. మైనం రకం తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి వేగంగా నడుస్తుంది, కానీ నూనె చేతులతో రుద్దితే చెరిగిపోతుంది. పూర్తి రెజిన్ రకం గట్టిగా ఉంటుంది గానీ ఎక్కువ వేడి, తక్కువ వేగం అడుగుతుంది, పైగా అది ప్లాస్టిక్ లేబుళ్లకు తగినది. పచ్చళ్ల సీసాకు, క్రోమో అనే మామూలు పూత కాగితం లేబుల్‌కు మైనం, రెజిన్ కలిసిన వ్యాక్స్ రెజిన్ రిబ్బన్ సరైనది. 3, 4 అంగుళాల వేగాన్ని ఇది బాగానే భరిస్తుంది. రిబ్బన్ ఎప్పుడూ లేబుల్ వెనుక కాగితం కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. డార్క్‌నెస్ తగ్గించిన తరువాత కూడా ముడతలు వస్తుంటే రిబ్బన్ రెండు చివర్లూ సమాన బిగువులో ఉన్నాయో లేదో, హెడ్ ఒక పక్క ఎక్కువగా నొక్కుతోందేమో చూడాలి.

రోల్ సైజు తప్పుగా ఇవ్వడం వల్ల పోయే సమయం కూడా తక్కువేమీ కాదు. లేబుల్ ఎత్తు 25, ఖాళీ 3 అని ఇచ్చి, నిజంగా ఖాళీ 2 ఉన్న రోల్ వేస్తే లేబుళ్ల మధ్య ఖాళీని గుర్తించే సెన్సర్ తడబడవచ్చు. అప్పుడు మధ్యలో ఖాళీ లేబుళ్లు వదిలేయడం, ఎర్ర దీపం వెలిగించి ఆగిపోవడం చూస్తారు. కొత్త రకం రోల్ వేసినప్పుడల్లా స్కేలుతో కొలిచి, ఆ కొలతలే డ్రైవర్‌లో ఇచ్చి, సెన్సర్ కాలిబ్రేషన్ (కొత్త రోల్‌ను సెన్సర్ గుర్తుపట్టేలా సరిచేయడం) ఒకసారి చేయించండి.

కొరియర్ లేబుళ్ల లెక్క వేరు. 150 మిల్లీమీటర్ల పొడవున్న లేబుల్‌లో కాగితం కదిలే సమయమే ప్రధానం. 2 అంగుళాల వేగంలో ఒక్కోదానికి 3 సెకన్లు, 4 అంగుళాల వేగంలో సెకనున్నర పడుతుంది. అంటే స్పీడు సెట్టింగు ఫలితం ఇక్కడ పూర్తిగా కనిపిస్తుంది. కొరియర్ పోర్టల్‌లో లేబుల్ సైజు ఎంచుకునే వీలుంటే ఏ4 బదులు థర్మల్ లేబుల్ సైజును ఎంచుకోండి. పీడీఎఫ్ ప్రింట్ చేసేటప్పుడు కాగితానికి సరిపోయేలా కుదించే ఎంపికను తీసేసి అసలు సైజు అని పెట్టండి, లేకపోతే ముందు చెప్పిన బార్‌కోడ్ గీతల గందరగోళం ఇక్కడా వస్తుంది. ఒక చిన్న మెలిక ఉంది. 4×6 అంగుళాల పీడీఎఫ్ అంటే 101.6×152.4 మిల్లీమీటర్లు, మన బజారు రోల్ 100×150. అంచుల్లో గీతలేవీ లేకుంటే ఆ రెండు మిల్లీమీటర్ల తేడా ఇబ్బంది పెట్టదు. ఉంటే అసలు సైజులోనే ఉంచి పేజీని మధ్యకు జరపండి. పీడీఎఫ్‌లను ఒక్కొక్కటిగా తెరిచి కొట్టకుండా, ఆ రోజువన్నీ ఒకే ఫైల్‌గా తీసుకుని ఒకేసారి ప్రింట్ ఇవ్వండి. ఈ లేబుల్ ఆయువు నాలుగైదు రోజులే కాబట్టి దీనికి రిబ్బన్ అవసరం లేదు. వేడికి తానే నల్లబడే డైరెక్ట్ థర్మల్ రోల్ చాలు. రిబ్బన్ తీసేసి, డ్రైవర్‌లో పద్ధతిని డైరెక్ట్ థర్మల్‌గా మార్చాలి, మరచిపోతే రిబ్బన్ లేదని ప్రింటర్ మొరాయిస్తుంది. నెలల తరబడి అల్మారాలో ఉండే సీసాలకు మాత్రం ఈ కాగితం వాడకండి. ఎండకూ నూనెకూ అక్షరాలు వెలిసిపోతాయి.

కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య ఉన్నది యూఎస్‌బీ కేబుల్ అయితే దాని గురించి ఆలోచించనక్కరలేదు. పాత సీరియల్ కేబుల్ అయితే మాత్రం మార్చేయండి. 100×150 లేబుల్‌ను బొమ్మగా పంపితే దాదాపు 1,20,000 బైట్లు అవుతుంది, సెకనుకు 9600 బిట్ల వేగంలో ఉన్న సీరియల్ తీగ మీద అది దాటడానికే రెండు నిమిషాలు పడుతుంది.

హెడ్ శుభ్రత గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీది కారప్పొడి, నూనె ఆవిరి తిరిగే చోటు. హెడ్ మీద సన్నని పొర పేరుకుంటే వేడి కాగితానికి చేరదు, ప్రింట్ పలచబడుతుంది, అప్పుడు అందరూ డార్క్‌నెస్ పెంచుతారు, ఆ తరువాత స్పీడు తగ్గిస్తారు. రిబ్బన్ మార్చినప్పుడల్లా ప్రింటర్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని గుడ్డతో హెడ్‌ను, రబ్బరు రోలర్‌ను తుడవండి. బ్లేడు, పిన్నీసు దగ్గరికి రానివ్వకండి. ప్రింటర్‌ను పొడులు నింపే గదిలోనుంచి పక్క గదిలోకి మార్చగలిగితే ఇంకా మంచిది. అన్ని లేబుళ్ల మీదా ఒకే చోట సన్నని తెల్ల నిలువు గీత వస్తూ, తుడిచినా పోకపోతే, అక్కడి బిందువు కాలిపోయిందని అర్థం. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయదు, హెడ్ మార్చాలి.

చివరిగా కొత్త ప్రింటర్ కొనాలా అన్న ప్రశ్న. ఇప్పుడున్నదాని కంటే వేగవంతమైన ప్రింటర్ కొనవద్దు. పైన చెప్పిన రెండు మార్పులు జరిగితే మీ 400 లేబుళ్లు కొద్ది నిమిషాల పని అవుతాయి, ఆ తరువాత సీసాలకు అతికించే చేతుల వేగమే మీ అసలు హద్దు. డబ్బు పెట్టదలుచుకుంటే ఇదే మోడల్ మరొకటి కొని, ఒకదానిలో ఎప్పుడూ సీసాల రోల్, వ్యాక్స్ రెజిన్ రిబ్బన్ ఉంచండి, రెండోదానిలో ఎప్పుడూ కొరియర్ రోల్ ఉంచండి. రోజూ రోల్ మార్చడం, రిబ్బన్ తీసి పెట్టడం, సెన్సర్‌ను సరిచూడడం, సెట్టింగు మార్చడం మరచి మొదటి లేబుళ్లు పాడుచేసుకోవడం అన్నీ తప్పుతాయి. విండోస్‌లో ఆ రెండింటికీ సీసాలు, కొరియర్ అని వేరు వేరు పేర్లు పెట్టండి, ఒకదాని పని ఇంకొకదానికి పోకుండా ఉంటుంది.